కింది గొంతు నుంచి కట్టుకుంటూ రండి: చిన్న క్వయర్‌తో కచేరీ దాకా

తొమ్మిది పది మంది కలిసి రెండు మూడు వరసల్లో, అంటే ఒక్కో గుంపు ఒక్కో బాణీ పట్టుకుని ఒకేసారి పాడే చిన్న క్వయర్. అందరివీ పై గొంతులే. అన్నిటికన్నా పైన పాడే సొప్రానోలు ఉంటారు, నడిమి మెజ్జోలు, వాళ్ల కింద పాడే ఆల్టోలు ఉంటారు. అడుగున మోసే టెనర్, బేస్ గొంతులు ఉండవు. అలాంటి బృందాన్ని మొదలుపెట్టి, చుట్టుపక్కల వాళ్లను పిలిచి ఓ గంట కచేరీ చేయాలని మీకుంటే, ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఇలాంటి క్వయర్లలో ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు. గొంతు మారని అబ్బాయిలూ ఈ స్థాయిలోనే పాడతారు, కొందరు పెద్ద వయసు మగవాళ్లూ పాడగలరు. అందుకే ఈమధ్య కొన్ని బృందాలు ‘మహిళా క్వయర్’ అనే మాట మాని ‘అప్పర్ వాయిసెస్’ అని పెట్టుకుంటున్నాయి. వచ్చినవాళ్ల గొంతు ఎక్కడ హాయిగా పలుకుతుందో చూసుకుంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూడండి. అన్ని రకాల గొంతులూ ఉన్న క్వయర్‌కు బేస్ అట్టడుగు నుంచి సొప్రానో పై అంచు దాకా దాదాపు మూడున్నర స్థాయిల చోటు దొరుకుతుంది (స్థాయి అంటే ఒక ‘స’ నుంచి పై ‘స’ దాకా). మనకు దొరికేది రెండు స్థాయిలు, ఆపైన కాస్త. అంటే సుమారు 175 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనలు) నుంచి 880 హెర్ట్జ్ దాకా. అంత ఇరుకు చోటులో మూడు వరసలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడుస్తాయి. ఎక్కడైనా శ్రుతి చెడితే దాన్ని కప్పడానికి కింద లావు గొంతు ఉండదు. కాబట్టి మన ఆల్టోలే మనకు పునాది. మనుషుల్ని ఎంచుకోవడం, పాట నేర్పడం, కచేరీలో నిలబెట్టడం అన్నీ వాళ్ల దగ్గర్నుంచే మొదలుపెట్టండి. చాలా బృందాలు మంచి సొప్రానో దొరికితే చాలనుకుని మొదలవుతాయి. ఆ తర్వాత ఏ పాట పాడినా ఏదో తక్కువైనట్టే ఉంటుంది, కారణం మాత్రం తెలియదు.

ఎంతమంది, ఎవరు

ఒక్కో వరసకు ముగ్గురు చొప్పున తొమ్మిది మంది ఉండటం నాకు నచ్చిన లెక్క. ఒకరిద్దరికి జలుబు చేసినా పాట ఆగకుండా పది పన్నెండు మంది ఉంటే ఇంకా మంచిది. వరసకు ఇద్దరు మాత్రం వద్దు. ఇద్దరు ఒకే స్వరం పట్టుకుంటే వాళ్ల మధ్య ఉండే చిన్న తేడా ప్రతిసారీ చెవికి తగులుతుంది. మూడో మనిషి కలిస్తే ఆ తేడా కరిగి ఒకే ధ్వనిలా వినిపిస్తుంది. ముగ్గురు దొరక్కపోతే వరసకు ఒక్కరితోనే పాడించండి, ఇద్దరికంటే అదే నయం.

కొత్తగా వచ్చినవాళ్లను పరీక్షలా కాకుండా, ఒక్కొక్కరితో పది నిమిషాలు విడిగా కూర్చుని వినండి. మూడు పనులు చేయించండి. ముందు పెదాలు మూసి హమ్మింగ్ చేస్తూ కిందికీ పైకీ జారమనండి. తర్వాత వాళ్లకు బాగా వచ్చిన పాటను రెండు శ్రుతుల్లో పాడించండి, ఒకసారి కిందగా, ఒకసారి పైగా. చివరగా వాళ్లను ఒక స్వరం పట్టుకోమని, మీరు పక్కనే ఇంకో స్వరం పాడండి. వాళ్లు మీవైపు జారిపోకుండా నిలబడగలిగితే క్వయర్‌కు కావాల్సిన అసలు గుణం వాళ్లలో ఉన్నట్టే. తియ్యటి గొంతు ఉండి పక్కవాళ్లను వినలేని మనిషికన్నా, మామూలు గొంతుతో చెవి పెట్టి వినే మనిషి ఈ పనికి ఎక్కువ పనికొస్తారు.

కింది వరసకు మనుషుల్ని వెతికేటప్పుడు పియానో నడిమి స్వరమైన మిడిల్ సి కింద ఉండే జి స్వరం, అంటే 196 హెర్ట్జ్ దగ్గర గొంతు ఎలా ఉందో చూడండి. అక్కడ ఉత్త గాలి కాకుండా నిండుగా స్వరం వస్తే ఆ మనిషి మీ కింది ఆల్టో. రాకపోతే బలవంతంగా తొక్కించొద్దు, నెల తిరగకముందే గొంతు అలిసిపోతుంది. అన్నిచోట్లా జరిగే పొరపాటు ఇంకొకటుంది. నొటేషన్ చదవడం వచ్చినవాళ్లను, వాళ్ల గొంతు ఎంత పైన పలికినా సరే, ‘నువ్వైతే కష్టమైన వరస పట్టుకుంటావు’ అని ఆల్టోలో వేసేస్తారు. అది వాళ్ల గొంతుకు అన్యాయం. చదవడం రాని ఆల్టోకు వరస రికార్డు చేసి పంపితే నేర్చుకుంటుంది. పైన పలికే గొంతుకు మాత్రం కింది స్వరాలు సాధనతో అంత తేలిగ్గా పుట్టవు.

పాటలు ఎంచుకునే మనిషి ఒకరు, హాలు, తేదీలు, ఫోన్లు చూసుకునే మనిషి ఇంకొకరు ఉండాలి. ఆ రెండు పనులూ ఒక్కరి మీదే పడితే ముందుగా దెబ్బతినేది సంగీతమే.

పాటలు

మొదటి కచేరీకి అన్నీ మూడు వరసల పాటలే పెట్టుకోకండి. సగం చాలు. మిగతా సగంలో అందరూ ఒకే వరసలో పాడేవి, రెండు వరసలవి, ఒకరి వెనుక ఒకరు అదే వరస అందుకునే రౌండ్లు ఉండనివ్వండి. రౌండ్ నేర్చుకోవడానికి ఒక్క వరస చాలు, వినేవాళ్లకు మాత్రం మూడు వరసల నిండుదనం దొరుకుతుంది.

పై గొంతుల కోసమే రాసిన సంగీతం చాలా ఉంది. 1580లలో ఇటలీలోని ఫెరారా ఆస్థానంలో గాయనుల బృందం ఒకటి ఎంత పేరు తెచ్చుకుందంటే, వేరే ఆస్థానాలూ అలాంటి బృందాలు పెట్టుకున్నాయి. రెండు గొంతులతో ఏం చేయవచ్చో తెలియాలంటే ఇటలీ స్వరకర్త పెర్గొలేసి 1736లో సొప్రానో, ఆల్టోలకు రాసిన స్తాబాత్ మాతెర్ అనే లాటిన్ ప్రార్థనా గీతం చూడండి. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తన కుర్రతనంలో హాంబర్గ్‌లో ఒక మహిళా క్వయర్‌ను నడిపాడు. 1860లో గాయనులకు తోడు రెండు హార్న్‌లు (ఊదే వాయిద్యాలు), ఒక హార్ప్ (తీగల వాయిద్యం) పెట్టి నాలుగు పాటలు రాశాడు. మన చదువరులకు దగ్గరగా అనిపించేది ఇంగ్లీషు స్వరకర్త హోల్‌స్ట్ పని. ఆయన సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషులోకి తెచ్చుకుని బృందగానాలుగా కట్టాడు. వాటిలో 1910 నాటి మూడో గుచ్ఛం ఆడగొంతులకు, హార్ప్‌కు రాసింది. హార్ప్ లేకపోతే పియానోతో సాధన చేయండి.

నొటేషన్ కొనే ముందు అట్ట మీద ‘ట్రెబుల్ వాయిసెస్’ (పై గొంతులు) అనో, ఎస్.ఎస్.ఎ. (రెండు సొప్రానో వరసలు, ఒక ఆల్టో వరస) అనో ఉందా లేదా చూడండి. ఒకే పాటకు అన్ని రకాల గొంతులూ ఉండే మిశ్రమ క్వయర్ ప్రతి, పై గొంతుల ప్రతి వేరువేరుగా అమ్ముతుంటారు. మిశ్రమ క్వయర్ ప్రతిని తెచ్చుకుని, బేస్ వరసను ఒక స్థాయి పైకెత్తి పాడేద్దాం అనుకోకండి. పైకెత్తిన బేస్ వచ్చి మిగతా వరసల మధ్యలో పడుతుంది. అడుగున ఉండాల్సిన షడ్జమం నడిమికి వస్తుంది, పాట కుదురు తప్పుతుంది. పై గొంతులకు కావాలంటే కింది వరసను కొత్తగా రాసుకోవాల్సిందే.

హక్కుల సంగతి కొంచెం విసుగనిపించినా వదలొద్దు. చాలా దేశాల్లో స్వరకర్త చనిపోయాక 70 ఏళ్లదాకా, కొన్ని దేశాల్లో 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. పాట పాతదైనా, కొత్తగా చేసిన అమరికకు, అనువాదానికి వేరే హక్కులు ఉండొచ్చు. హక్కులు తీరిన నొటేషన్ ఉచితంగా కావాలంటే 1998 నుంచి నడుస్తున్న కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ, 2006లో మొదలైన ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే ఆన్‌లైన్ నొటేషన్ లైబ్రరీ ఉన్నాయి. నొటేషన్ కొన్నంత మాత్రాన జనం ముందు పాడే అనుమతి వచ్చినట్టు కాదు. హాలు వాళ్లకు ఆ లైసెన్స్ ఉందేమో ముందే అడగండి.

సాధన

వారానికి ఒకసారి, రెండు గంటలు, పది వారాలు. మొదటి కచేరీకి ఇంతకన్నా తక్కువ పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. మొదటి పావుగంట గొంతు వేడెక్కించడానికి వాడండి: హమ్మింగ్, పెదాలు అల్లాడిస్తూ పై నుంచి కిందికి జారడం, తర్వాత అచ్చులు. వెంటనే ఆ రోజుకు కష్టమైన పాట పట్టుకోండి. చివర్లో అందరికీ వచ్చిన పాట ఒకటి పాడి ఇంటికి వెళ్లండి.

కొత్త పాటలో ముందుగా కింది వరస నేర్పండి. ఆ సేపు పై గొంతులవాళ్లు ఊరికే కూర్చోకుండా వాళ్లు కూడా ఆ వరసే పాడాలి. అందరి చెవిలోనూ పునాది పడ్డాక నడిమి వరస, ఆ తర్వాతే పై వరస. సొప్రానోకు ముందుగా రాగం నేర్పితే తమ పాట తాము పాడుకుంటారు, కింద ఏం జరుగుతోందో వాళ్ల చెవికి ఎక్కదు. ఈ ఒక్క మార్పుతో బృందం ధ్వని మారడం నేను మళ్లీమళ్లీ చూశాను.

శ్రుతి దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే పై గొంతుల క్వయర్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. శ్రుతి పెట్టె గానీ, ఫోన్లో శ్రుతి యాప్ గానీ పెట్టి, ఆల్టోలతో షడ్జమం పట్టించండి. దాని మీద పై గొంతులు పంచమం పాడాలి. రెండూ అలల్లేకుండా నిలిచాయని అనిపించేదాకా నడిమి గొంతులను రానివ్వకండి. ఆ తర్వాత నడిమి వాళ్లతో గాంధారం పాడించండి. పియానో మీద ఉండే గాంధారం, సహజంగా షడ్జమంతో కలిసిపోయే గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ. సెంటు అంటే అర స్వరంలో నూరోవంతు. వినడానికి చిన్న లెక్కే. కానీ మూడు పై గొంతులు పట్టుకున్న స్వరసమూహంలో ఆ కొంచెమే గరుకుగా తగులుతుంది. కాబట్టి పియానో మూసేసి, నడిమి గొంతులను ‘కొంచెం దించండి, ఇంకొంచెం’ అంటూ రండి. కలిసిన క్షణం ఎవరూ చెప్పక్కర్లేదు, గదిలో అందరికీ తెలిసిపోతుంది.

అప్పుడు ఒక అద్భుతం జరుగుతుంది. 440 హెర్ట్జ్ దగ్గర ఒక గొంతు, దానికి పంచమం 660 దగ్గర ఇంకో గొంతు కచ్చితంగా, కాస్త గట్టిగా నిలిస్తే, ఆ రెంటి తేడా అయిన 220 హెర్ట్జ్ స్వరం కింద లీలగా వినిపిస్తుంది. అది ఎవరూ పాడింది కాదు, మన చెవి లోపల పుట్టేది. పద్దెనిమిదో శతాబ్దపు వయొలిన్ విద్వాంసుడు తార్తీని దీన్ని మూడో ధ్వని అన్నాడు. మీ బృందంతో తప్పకుండా చేసి చూడండి. లేని బేస్ గొంతును ఒక్కసారి విన్నాక, శ్రుతి కోసం ఎందుకింత పట్టుబడుతున్నారని మిమ్మల్ని ఎవరూ అడగరు.

వాయిద్యం లేకుండా పాడేటప్పుడు పాట మొత్తం మెల్లగా కిందికి దిగిపోతుంటే గాయకులను తిట్టకండి. ఎక్కడ దిగుతోందో వెతకండి. మామూలుగా ఒకే స్వరం వరసగా వచ్చే చోట, కిందికి దిగే మెట్ల దగ్గర, పదం చివర ఊపిరి అయిపోయే చోట జారుతుంది. ఆ మూడు చోట్లూ సరిచేసినా దిగుతుంటే, పాట మొత్తాన్ని అర స్వరం పైకి మార్చి చూడండి. గొంతులు కొత్త చోట జాగ్రత్తగా నడుస్తాయి, చాలాసార్లు శ్రుతి అలాగే నిలుస్తుంది.

ఊపిరి విషయంలో ఒకటే నియమం: పక్కమనిషి తీసుకునేటప్పుడు మీరు తీసుకోకండి. పొడుగు వాక్యాల్లో ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో రాసుకోండి.

అచ్చులన్నీ ఒకే నోటి నుంచి వచ్చినట్టు ఉండాలి. ‘ఆ’ను ఒకరు వెడల్పుగా, ఇంకొకరు గుండ్రంగా పలికితే శ్రుతి కుదిరినా ధ్వని కలవదు. చాలా పై స్వరాల దగ్గర మాత్రం పట్టుదల వదలండి. ‘ఈ’, ‘ఊ’ అనే అచ్చులను గుర్తుపట్టడానికి చెవికి 300 హెర్ట్జ్ ప్రాంతంలో వచ్చే అనునాదం కావాలి. సొప్రానో పాడే స్వరమే 700, 800 హెర్ట్జ్ దాటినప్పుడు ఆ ఆధారం ఉండదు, అచ్చులన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఎంత స్పష్టంగా పలికినా అంతే. దవడ వదులు చేసి నోరు తెరిచి పాడమనండి, సాహిత్యాన్ని కాగితం మీద అచ్చువేసి శ్రోతల చేతికివ్వండి.

చోటు

హాలు ఖాయం చేసే ముందు వెళ్లి మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. ధ్వని ఒకటిన్నర, రెండు సెకన్లు మిగిలితే పై గొంతులకు బాగుంటుంది. తివాచీలు, మందపాటి పరదాలు ఉన్న గదిలో ఎంత మంచి గొంతయినా పొడిగా వినిపిస్తుంది. జనం నిండితే ప్రతిధ్వని ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. ప్రార్థనా మందిరాలు, లైబ్రరీలు, స్కూలు హాళ్లు, ఎత్తైన పైకప్పున్న మెట్ల దారులు కూడా పనికొస్తాయి. వంద మంది లోపు జనానికి మైకు వద్దు. మైకు పెట్టగానే గొంతులు విడివిడిగా వినిపిస్తాయి, సాధనలో కష్టపడి కలిపిందంతా విడిపోతుంది.

అర్ధచంద్రాకారంలో నిలబడండి, ఆల్టోలు మధ్యలో. మామూలుగా వాళ్లను ఒక చివరకు తోస్తారు, అప్పుడు అవతలి చివర ఉన్న సొప్రానోకు పునాది వినపడదు. మనిషికీ మనిషికీ మధ్య జానెడు చోటు వదిలితే ఎవరి గొంతు వాళ్లకు తెలుస్తుంది.

వృద్ధాశ్రమంలో పాడుతుంటే పద్ధతి మార్చుకోవాలి. వయసు మీదపడే కొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి పై ధ్వనులే. మాటలను విడదీసి చూపే హల్లుల్లో చాలావరకు అక్కడే ఉంటాయి. కాబట్టి శ్రుతి కొంచెం దించి, దగ్గరగా నిలబడి, నిదానంగా, హల్లులు పట్టి పలుకుతూ పాడండి. అరగంటకు మించొద్దు. పాటకూ పాటకూ మధ్య వాళ్ల దగ్గరికెళ్లి కూర్చోండి. నేను పాల్గొన్న కచేరీల్లో నాకు ఎక్కువ గుర్తున్నవి ఇవే.

కార్యక్రమం

విరామం లేకుండా గంట. మూడేసి నిమిషాల పాటలు పన్నెండు పెడితే పాడే సమయం ముప్పై ఆరు నిమిషాలు. మిగతాది మాటలకు, చప్పట్లకు, అటూ ఇటూ కదలడానికి సరిపోతుంది. అన్నీ పై గొంతులే కాబట్టి శ్రోత చెవి అరగంటకే అలిసిపోతుంది. మూడు పాటలకోసారి ఏదో ఒకటి మారాలి. ఒక సోలో, ఒక రెండు గొంతుల పాట, లేదా చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది, కింది స్వరాల వాయిద్యం) తోడు. చెల్లో వచ్చిన వెంటనే గదికి అడుగు ఏర్పడినట్టవుతుంది, అది ఆగాక పై గొంతులు మళ్లీ కొత్తగా వినిపిస్తాయి. వరసగా ఒకే శ్రుతిలో ఉన్న పాటలు పెట్టకండి.

మొదటి పాట అందరూ ఒకే వరసలో మొదలయ్యేది అయితే గుండె దడ తగ్గుతుంది. కష్టమైనది నాలుగో చోట పెట్టండి, అప్పటికి గొంతు తెరుచుకుని ఉంటుంది, ఇంకా అలిసిపోదు. నడుమ ఒక రౌండ్‌ను శ్రోతలకే నేర్పి, వాళ్లను మూడు గుంపులుగా విడదీసి పాడించండి. చూస్తూ కూర్చున్నవాళ్లు ఆ మూడు నిమిషాల్లో బృందంలో మనుషులైపోతారు. చివరికి, హోల్‌స్ట్ తన ‘ప్లానెట్స్’ ముగింపులో ఆడగొంతులను వేరే గదిలో పెట్టి, తలుపు మెల్లగా మూయిస్తూ ధ్వనిని మాయం చేశాడు. అదే పద్ధతిలో మీరూ ఆఖరి పాట పాడుకుంటూ నడవాలోకి వెళ్లిపోవచ్చు. దానికి విడిగా రెండు రిహార్సల్స్ కావాలి, నడుస్తూ శ్రుతి నిలుపుకోవడం తేలిక కాదు.

ప్రవేశం ఉచితంగా పెట్టి, తలుపు దగ్గర ఒక పెట్టె ఉంచండి. హాలు అద్దె, నొటేషన్ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

ఆ రోజు

గంటన్నర ముందే చేరుకోండి, కానీ అరగంటకు మించి పాడకండి. ఆ అరగంటలో ప్రతి పాట మొదటి నాలుగు వాక్యాలు, చివరి నాలుగు వాక్యాలు చాలు. లోపలికి వచ్చే వరస, కాగితాలు ఏ చేత్తో పట్టుకోవాలి, నమస్కారం ఎప్పుడు అన్నవి ఒకసారి నడిచి చూసుకోండి.

శ్రుతి ఇచ్చే మనిషి ఒక్కరే ఉండాలి. ఆల్టోలకు వాళ్ల స్వరం ముందుగా, వినపడేలా ఇవ్వాలి. మా మొదటి కచేరీలో శ్రుతి మరీ మెల్లగా ఇవ్వడంతో కింది వరస వేరే స్వరం అందుకుంది. రెండు వాక్యాలు నడిచాక నిలిపేసి, మళ్లీ శ్రుతి తీసుకుని మొదటి నుంచి పాడాం. ఎవరూ లేచిపోలేదు, రెండోసారి గది ఇంకా నిశ్శబ్దంగా విన్నది. మీకూ అలా జరిగితే ఆపేయండి. ముఖాలు మాడ్చుకోకుండా, క్షమాపణలు పొడిగించకుండా, శ్రుతి మళ్లీ తీసుకుని పాడండి.

కచేరీని ఫోన్‌తో అయినా సరే, గది వెనుక నుంచి రికార్డు చేయించండి. అదే రాత్రి వినకండి. మూడు నాలుగు రోజులాగి, అందరూ ఒకచోట కూర్చుని ఒకే ఒక్కసారి వినండి. శ్రుతి ఎక్కడ దిగిందో, ఎక్కడ మాట వినపడలేదో ప్రతి ఒక్కరూ తమ నొటేషన్ మీదే గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాతి రిహార్సల్లో కొత్త పాట తీయడానికి ముందు, బాగా జారిన ఆ ఒక్క పాటను ఆల్టోల వరసతో మొదలుపెట్టి మళ్లీ పాడండి.